ఆవకాయ జాడీ కింది పాట

ప్రభాకర్ మనవరాలు మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకముందే ఫోను తీసి, "తాతగారూ, ఒక్కసారి ఇది వినండి" అంది. పిల్ల పేరు మాళవిక. వాళ్ల తాత పోయిన రోజున చూశాను, గడప దగ్గర నిలబడి, ఏడవకుండా, వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లు అందిస్తూ. ఇప్పుడు తనూ ఇంకో ముగ్గురూ కలిసి ఒక బ్యాండు పెట్టుకున్నారు. ఏ కంపెనీ అండా లేదు. పాటలు తామే కట్టుకుంటారు, తామే రికార్డు చేసుకుంటారు, తామే జనంలోకి వదులుకుంటారు. వాళ్ల పిచ్చి అంతా అరవైలలో వచ్చిన ఇంగ్లీషు పాటల మీద. గొంతు మీద గొంతు పేర్చి, పొరలు పొరలుగా పాడే పాటల మీద. బ్యాండు పేరు ‘ఆరో అంతస్తు’. పాడుకునే గది ఆరో అంతస్తులో ఉంది కాబట్టి ఆ పేరు, అంతకుమించి లోతేమీ లేదని ఆమే చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది.

ఫోనులోంచి వచ్చిన పాట మాత్రం నచ్చలేదు. నచ్చలేదు అనడం చిన్న మాట. అది మా పాట. ప్రభాకర్, హబీబ్, నేను, ముగ్గురం కలిసి మాదన్నపేటలో కట్టిన పాట. వయసు మీద పడ్డాక ప్రభాకర్ పడక్కుర్చీలో కూర్చుని పాడుకుంటూ ఉంటే ఆ పిల్ల విని నేర్చుకుందట. మొదటి పంక్తులు చక్కగానే వచ్చాయి. తరువాత "రా" అని ఒక్క అక్షరం అందుకుని, దాన్ని ఇటూ అటూ కదలనివ్వకుండా పట్టుకుని నిలబడవలసిన చోటు ఒకటుంది. వీళ్లు నిలబడలేదు. ఆ అక్షరానికి మెలికలు తిప్పారు, గిటారు దూర్చారు, చాలదన్నట్టు ఏదో ఊదే వాద్యం కూడా పెట్టారు.

"ఏంది బిడ్డా గిది? మంచిగున్న పాటకు గిన్ని కుచ్చులెవలు కట్టిండ్రు?" అన్నాను.

ఆమె నొచ్చుకుంది గానీ దాచుకుంది. "అక్కడ తాతయ్య మర్చిపోయేవారండీ. ‘రా’ అని అలా ఉండిపోయి, కుర్చీ చేతి మీద వేళ్లతో కొట్టుకుంటూ కూర్చునేవారు. కాసేపయ్యాక మళ్లీ అందుకునేవారు. నానమ్మ కూడా ‘ఆయనకి అక్కడ గుర్తుండదే’ అనేది. అందుకని ఆ ఖాళీ మేం నింపాం. వచ్చే వారం పాట బయటికి వదిలేస్తున్నాం. ఒకసారి వదిలాక ఇక అందరికీ అదే పాట. అందుకే ముందు మీకు వినిపిద్దామని."

"వదలొద్దు," అన్నాను. "ఆడ మీ తాత మర్చిపోలే. మాకోసం ఆగిండు."

ఆమెకు అర్థం కాలేదు. అర్థం కావాలంటే నేను ఆవకాయ జాడీ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మొదలుపెట్టాను. ఆ సాయంత్రం ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. మూసీకి ఇవతల బిర్యానీ, గాజులు, లొల్లి తప్ప ఇంకేమీ పుట్టదని అనుకునేవాళ్లు కూడా చదవాలని రాస్తున్నాను. ఇలాంటి పాట ఈ ఊళ్లోకి మొన్న మొన్ననే, అదీ అవతలి గట్టు కాలేజీ పిల్లల చేతుల మీదుగా వచ్చిందని ఒక పత్రికలో చదివి పళ్లు నూరుకున్నవాణ్ణి నేను.

మా బాపుకు మాదన్నపేట మార్కెట్లో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ దుకాణం. దుకాణం వెనక గోదాము, గోదాము పైన ఇల్లు. మా బట్టలకు, మా పరుపులకు, పండగనాడు అమ్మ చేసే పోలెలకు, అంటే బొబ్బట్లకు కూడా గోనె సంచుల వాసన ఉండేది. బాపు పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందే కిందికి దిగి, ఒక్కో బస్తాలో చెయ్యి మోచేతిదాకా దూర్చి, కళ్లు మూసుకుని నిలబడేవాడు. లోపల కుళ్లు మొదలైతే వేడి తగులుతుంది. ఆ తరువాతే చాయ్. నన్ను ఏడో తరగతిలో బడి మాన్పించి తక్కెడ ముందు కూర్చోబెట్టాడు. నా చదువంతా పొట్లాలు కట్టడానికి వచ్చే పాత కాగితాల మీద సాగింది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు, ఏది చేతికొస్తే అది. సగం చదివిన కథ పచ్చిమిరపకాయల పొట్లమై ఎవరింటికో పోయేది. మిగతా సగం నేనే కల్పించుకునేవాణ్ణి. నాకు చదువు రాదనేవాళ్లకు ఇప్పటికీ అదే చెబుతాను: మీరు అచ్చయిన సగమే చదివారు, నేను అచ్చుకాని సగం కూడా చదివాను.

మా వెనక సందులో, మేడ మీద వాటాలో, రాజమండ్రి వైపు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. ఆయన సర్కారు ఆఫీసులో గుమాస్తా. సాయంత్రం వస్తూనే గొడుగు మడతలు ఒక్కొక్కటీ వేళ్లతో సరిచేసి గోడకు తగిలించేవాడు, వాన పడినా పడకపోయినా. వాళ్లబ్బాయే ప్రభాకర్. వాళ్ల మేనమామ విశాఖపట్నంలో ఓడ మీద పనిచేస్తూ ఎక్కడినుంచో ఒక గ్రామఫోను తెచ్చి ఇచ్చాడు. మూకుడంత గొట్టం ఉన్నది కాదు, కొత్త రకం; పెట్టెకు ఇటొకటి అటొకటి రెండు డబ్బాలు, రెండింటిలోంచీ పాట వస్తుంది. దాంతోపాటు ఒకే ఒక్క రికార్డు. అట్ట మీద ఒకే రకం కోట్లు తొడుక్కున్న నలుగురు కుర్రాళ్లు. గుమాస్తాగారికి ఆ గోల పడదు, ఆయన ఆఫీసులో ఉన్నప్పుడే మోగాలి. ప్రభాకర్ వాళ్లమ్మకు పాట మీద కోపం లేదు గానీ చోటు మీద బెంగ. ఉన్నవి రెండు గదులు. ఎడమ డబ్బా ఆమె కంటికి మంచి పీటలా కనిపించింది. దాని మీద ఆవకాయ జాడీ పెట్టింది.

ఆ జాడీకి గుడ్డ వాసెన కట్టేది, అయినా నూనె ఊరుకుంటుందా? సూది దొరక్క పెట్టె మోగకుండా పడున్న ఆ మొదటి ఎండాకాలమంతా బొట్టు బొట్టుగా డబ్బా లోపలికి దిగింది. పెట్టె మోగే నాటికి ఆ డబ్బా మూగబోయింది. ప్రభాకర్ లబోదిబోమన్నాడు. ఆవిడ నింపాదిగా, "రెండోది పాడుతోందిగా నాయనా. రెండూ ఒకటే పాట పాడుతుంటే ఒకటి ఊరుకుంటే నష్టమేంటి?" అంది. మాకూ అది న్యాయంగానే తోచింది. అక్కడే మునిగిపోయాం.

హబీబ్ మా సందు మొదట్లో షేర్వాణీలు కుట్టే దుకాణంలో పని నేర్చుకునేవాడు. పద్దెనిమిదేళ్లకే వాడి గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉండేది. మధ్యాహ్నం దుకాణాలు కునుకు తీసే వేళ ముగ్గురం ఆ మేడ మీద చేరేవాళ్లం. మొదట్లో ప్రభాకర్ వాళ్లమ్మ మాకు పళ్లెంలో, హబీబ్‌కు విస్తరాకులో అన్నం పెట్టేది. ఒకరోజు ప్రభాకర్ తనకూ ఆకే కావాలన్నాడు. నేనూ ఆకే అన్నాను. మూడు పూటలు ఆకులు కొనిపించి నాలుగో పూటకు ఆవిడకు విసుగొచ్చింది. "మీ ముగ్గురికీ రోజూ ఆకులు ఎక్కణ్ణుంచి తేను, నా తలకాయలోంచా?" అని పళ్లేలు విసురుగా పడేసింది, మూడూ ఒకే రకం. ఆ తరువాత పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో హబీబ్‌నే అడిగేది.

ఆ ఒక్క రికార్డు మేం విన్నట్టు ఎవరూ విని ఉండరు. తలా ఒక గొంతును పంచుకున్నాం. పైదాన్ని ప్రభాకర్, అడుగుదాన్ని హబీబ్, మధ్యదాన్ని నేను. రికార్డు తిరుగుతుంటే నాకు నా మధ్య గొంతు తప్ప ఇంకేదీ వినడానికి వీల్లేదు, వింటే హబీబ్ మొట్టికాయ వేసేవాడు. నేర్చుకున్నది గట్టిపరచుకోవడం మా గోదాములో. గోనె బస్తాల మధ్య పాడితే గొంతు చుట్టూ ఏ గోడా పలకదు, తప్పు పాడితే తప్పుగానే వినిపిస్తుంది. అది కుదిరాక మేడ మెట్ల మీద ముగ్గురం కలిపి పాడేవాళ్లం. మెట్ల మీద పాడితే మూడు గొంతులు ముప్పై అయ్యేవి. మార్కెట్లో మాకు ‘ఉల్లిగడ్డ బ్యాండు’ అని పేరు పడింది. "గీ కూతలు కిలో ఎంతరా?" అని అడిగేవాడు మా బాపు. కానీ గోదాములో మేం పాడుతున్నంతసేపూ బయట స్టూలు వేసుకుని కూర్చుని, హమాలీలను లోపలికి రానిచ్చేవాడు కాదు.

అట్ట మీద నలుగురున్నారు, మాకు మూడు గొంతులే వినిపిస్తున్నాయి. నాలుగోవాడు వాయిస్తాడేమో, పాడడేమో అనుకున్నాం. ఆ సంగతి మీద అంతకన్నా ఆలోచించలేదు.

సికింద్రాబాదులో ఒక హాల్లో ఇలాంటి పాటల పోటీ పెట్టారని తెలిసి వెళ్లాం. షేర్వాణీ అస్తరు గుడ్డ మిగిలితే హబీబ్ ముగ్గురికీ ఒకే రకం కోట్లు కుట్టాడు. పాడటం మొదలుపెట్టాం. మొదట ఎవరో కిసుక్కుమన్నారు. తరువాత ముందు వరుసంతా. టై కట్టుకున్న పెద్దమనిషి చెయ్యెత్తి ఆపి, చాలా మర్యాదగా, ఇంగ్లీషులో అడిగాడు: "బాబూ, మీరు వెనక నిలబడి వంతపాడేవాళ్లు కదా, ముందు నిలబడి పాడేవాడికి బస్సు తప్పిపోయిందా?" హాలు హాలంతా నవ్వు. అప్పుడు మాకు తెలిసింది. ఆ రోజుల్లో కొన్ని రికార్డుల్లో అసలు పాట ఒక డబ్బాలో, దాని వెనక ఆసరా గొంతులు ఇంకో డబ్బాలో వచ్చేవట. అసలు పాట పాడే నాలుగోవాణ్ణి ఆవకాయ మింగేసింది. మేం ఇన్నాళ్లూ నేర్చుకున్నది వెనక గోడ. ఇల్లు లేదు.

తిరుగు బస్సు ఎక్కాం. ప్రభాకర్ కోటు విప్పి చుట్ట చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. అఫ్జల్‌గంజ్ దగ్గర దిగేటప్పుడు హబీబ్ అన్నాడు: "సామ్నే వాలా నై హై బోలే. తో క్యా హువా? బనాలేంగే." ముందు పాడేది లేదన్నారు, అయితే ఏమైంది, మనమే చేసుకుందాం అని. ప్రభాకర్ వాడి వంక చూసి, కోటు మళ్లీ తొడుక్కున్నాడు.

అలా కట్టాం మా పాట. ఎవరి పాటా తీసుకోలేదు. కానీ పాట కట్టే పద్ధతి మాత్రం మాకు ఆ ఒక్క డబ్బా నేర్పిందే. లోకమంతా ముందు పాట కట్టి తరువాత వంత కడుతుంది. మేం వంత ముందు కట్టాం. హబీబ్, నేను రెండు కింది గొంతులు అల్లుకున్నాం. మా ఇద్దరి మధ్య మిగిలిన సందులోకి ప్రభాకర్ పాటను దించాడు. అందుకే దాన్ని ఒక్కణ్ణే పాడమంటే కుంటుతూ ఉంటుంది. ఒకచోట మా రెండు గొంతులూ తెగ తిరుగుతున్నాయి, పైనుంచి ఏం పాడినా అడ్డమే వస్తోంది. మెట్ల మీద కూర్చుని ప్రభాకర్ జుట్టు పీక్కుంటున్నాడు. అప్పుడు పైనుంచి వాళ్లమ్మ కేక వేసింది: "రండిరా! అన్నం చల్లారిపోతోంది!" వాడు ఆ కేకలోంచి ‘రా’ తీసుకున్నాడు. ఆ ఒక్క అక్షరాన్ని పైన నిలబెట్టి కదలకుండా ఉంచాడు. కింద మేమిద్దరం నడిచాం: "బస్సు దిగి, బజారు దాటి, సందు మళ్లి, మెట్లు ఎక్కి." పైన ఒకరు పిలుస్తూనే ఉంటారు, కింద వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు. అంతే పాట. హబీబ్ ఎప్పుడూ ‘బజారు దాటి’ దగ్గర అర అడుగు ఆలస్యం. "బజార్ల దోస్తులు కలుస్తరు భాయ్, ఏం జెయ్యాలె?" అనేవాడు.

తరువాత ప్రభాకర్‌కు కంచన్‌బాగ్ ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం వచ్చింది. హబీబ్ సొంత మిషను పెట్టుకున్నాడు. బాపు మంచం పట్టాక దుకాణం నా నెత్తిన పడింది. ఎవరం ఎవరితోనూ తగువు పడలేదు. ముగ్గురికీ ఒకే వేళ ఖాళీ దొరకడం మానేసింది, అంతే. కానీ పాటలో ప్రభాకర్ తన చోటు వదల్లేదని ఈ పిల్ల చెప్పిన రోజున తెలిసింది. పడక్కుర్చీలో ‘రా’ అని ఆగి, కుర్చీ చేతి మీద వేళ్లతో మా నడక కొట్టుకుంటూ, మేం మెట్లు ఎక్కేదాకా కూర్చునేవాడు. ఇంట్లోవాళ్లు దానికి మతిమరుపు అని పేరు పెట్టారు.

మాళవిక ఫోను తీసి సంచిలో వేసుకుంది. "మరి ఆ కింది గొంతులు ఎవరికొచ్చు?" అంది.

"నడిమిది నాకొచ్చు. అడుగుది హబీబ్‌కొచ్చు. లే, చెప్పులేసుకో."

హబీబ్ యాకుత్‌పురాలో కొడుకు దుకాణంలో ఒక మూల కూర్చుని కాజాలు కుడుతుంటాడు. ఫోనులో పాట వినిపించాను. "యే క్యా హై? షాదీ కా బాజా?" అన్నాడు, ఇదేంటి పెళ్లి మేళమా అని. పిల్ల పక్కనే ఉందని సైగ చేసినా ఆగలేదు. సంగతి చెప్పి, పాడాలి అన్నాను.

"నర్సింగ్, దిమాగ్ ఖరాబ్ అయిందా? నా ఎడమ డబ్బా బంద్ అయి ఎన్నేండ్లాయె," అని చెవి చూపించాడు.

"కుడిది ఉన్నది గద? మనం నేర్చుకున్నదే ఒక్క డబ్బాల."

నవ్వాడు. నవ్వి, సూది గుడ్డలో గుచ్చి పక్కన పెట్టాడు. "ప్రభాకర్ లేడు. ముందట పాడేటోడు లేకుండ మల్ల నవ్వులపాలు కావాల్నా?"

"ముందట పాడేది ఉన్నది. గీ పిల్లనే. ఈసారి ఎనకటోళ్లకే బస్సు తప్పిపోయింది."

హబీబ్ ఆమె వంక చూశాడు. "బేటీ, ‘రా’ పట్టుకొని నిలవడుడు వస్తదా నీకు?"

"రాదు తాతగారూ," అంది మాళవిక, దాచకుండా.

"సచ్ బోలీ. పద నర్సింగ్, నేర్పుదాం."

ఆ వారం మార్కెట్లో మళ్లీ ఉల్లిగడ్డ బ్యాండు మోగింది. ఇప్పుడు ఉల్లిగడ్డ వలలాంటి ఎర్రటి జాలీ సంచుల్లో వస్తుంది, అవి గొంతును పట్టవు. ఆలుగడ్డ ఇంకా గోనెల్లోనే వస్తుంది. ఆ బస్తాల మధ్య పిల్లను నిలబెట్టాను. ఈ పిల్లలు మాకన్నా ఎంతో బాగా పాడతారు. ఆ మాట ఒప్పుకోకపోతే నా కోపానికి విలువుండదు. స్వరాల పేర్లు తెలుసు, లెక్కలు తెలుసు, అరవైలలో ఏ మూల ఎవరు ఏం పాడారో అంతా ఫోనులో ఉంది. మాకు ఒక్క రికార్డు, అందులోనూ సగం. కానీ వీళ్లు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూస్తూ ఒక్క పాటా పాడలేదట. ఒకరు సోమవారం వచ్చి చెవులకు డిప్పలు తగిలించుకుని తన ముక్క పాడిపోతే, ఇంకొకరు గురువారం వస్తారు. గొంతు జారితే కంప్యూటరు ఎత్తి సరిచేస్తుంది. మనిషి తక్కువైతే ఉన్న గొంతునే మూడుసార్లు అతికిస్తారు. మాకు సౌకర్యం లేక ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ పాడాం. ఇప్పుడు సౌకర్యం ఎక్కువై ఎవరి నోరూ ఎవరూ చూడటం లేదు. ఇది చెబితే ముసలాడి చాదస్తం అంటారు. అనండి.

మాళవిక ‘రా’ అందుకునేది, కాసేపు నిలిచేది, అంతలో తెలియకుండానే ఒక మెలిక తిప్పేది. "ఏమీ చేయకుండా ఉండటం చాలా కష్టంగా ఉందండీ" అంది. హబీబ్ అన్నాడు: "పిలిచేటోళ్లు ఒక్క జాగల నిలవడాలె బేటీ. నువ్వు కదిలితే వచ్చేటోడు ఏడికి రావాలె?" ఆ మాట తరువాత ఆమె మెలిక తిప్పలేదు.

రికార్డు చేసే రోజున వాళ్ల గదిలోకి నేను వెళ్లలేదు. గది గోడలకు స్పాంజి అంటించారు, అది మా గోదాములా నేర్చుకోవడానికి పనికొచ్చే చోటు, మెట్లలా కలిపి పాడే చోటు కాదు. "మెట్ల మీద తీయండి" అన్నాను. వాళ్ల బ్యాండులో రికార్డింగు చూసుకునే కుర్రాడు ఆర్యన్ మొదట తల అడ్డంగా ఊపాడు, తరువాత ఒకసారి చప్పట్లు కొట్టి, పైదాకా పోయి తిరిగివచ్చిన చప్పుడు విని, నోరు మూసుకుని తీగలు లాగడం మొదలుపెట్టాడు. కింది అంతస్తు ఆవిడ తలుపు తీసి ఏం లొల్లి అని అడిగింది. పాట అన్నాం. తలుపు వేసుకోలేదు.

మాళవిక పై మెట్టు మీద, మేమిద్దరం కింద. హబీబ్ కుడి చెవి నా వైపు తిప్పుకుని నిలబడ్డాడు. ఆమె ‘రా’ అందుకుంది. మేం బస్సు దిగాం. బజారు దగ్గర హబీబ్ అర అడుగు ఆలస్యం, ఎప్పటిలాగే. సందు మళ్లాం. ‘మెట్లు’ అన్నాక వాడి ఊపిరి అయిపోయింది. రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. నేను నా మధ్య గొంతును పట్టుకుని ఆగాను. ఆర్యన్ చెయ్యి మిషను మీదికి పోయింది. పైన పిల్ల కదల్లేదు. కళ్లు హబీబ్ మీదే పెట్టి, ఆ అక్షరాన్ని అలాగే పట్టుకుని నిలబడింది, మెడ నరాలు లేచేదాకా. హబీబ్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. "ఎక్కి" అన్నాడు. అప్పుడు దింపింది.

"చాలా బాగుంది, కానీ మధ్యలో ఆ ఊపిరి చప్పుడు వచ్చింది. దాన్ని తీసేస్తాను, ఒక్క నిమిషం పని," అన్నాడు ఆర్యన్.

నేను నోరు తెరిచేలోపే పై మెట్టు మీదినుంచి సమాధానం వచ్చింది.

"ముట్టుకోకు," అంది మాళవిక. "ఆయన వచ్చేదాకా నేను ఆగాను."